‘నెలనెలా అద్దె గ్యారెంటీ’ ప్రకటన చూశారా? కమర్షియల్ స్పేస్‌కు డబ్బు కట్టే ముందు రెరాలో ఇవి చూసుకోండి

‘రూ.25 లక్షలు పెట్టండి. నెలకు రూ.25 వేల అద్దె అందుకోండి. బిల్డింగ్ పూర్తయ్యేదాకా అద్దె మేమే ఇస్తాం.’

యూట్యూబ్ వీడియో మధ్యలోనో, వాట్సాప్ గ్రూపులోనో, ఫ్లైఓవర్ పక్కన హోర్డింగ్ మీదో ఇలాంటి ప్రకటన మీకు ఎదురయ్యే ఉంటుంది. బ్యాంకులో ఎఫ్‌డీ వడ్డీ కంటే ఎక్కువ వస్తుందంటారు. పైగా మీ పేరు మీద ఆస్తి అంటారు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ము, ఊళ్లో పొలం అమ్మగా వచ్చిన డబ్బు, అమ్మాయి పెళ్లికని దాచినది ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నవాళ్లకు ఇది బాగా నచ్చే మాట.

ఇలాంటి పెట్టుబడులన్నీ మోసం కాదు. మంచి చోట షట్టరో, ఆఫీసు స్పేసో కొని ఏళ్ల తరబడి అద్దె తింటున్నవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. కానీ ప్రకటనలో కనిపించే రెండు హామీలకు చట్టం దృష్టిలో ఒకే బలం లేదు. ‘బిల్డింగ్ కట్టి అప్పగిస్తాం’ అన్న మాట వెనుక రెరా చట్టం ఉంది. ‘నెలనెలా ఇంత అద్దె ఇస్తాం’ అన్న మాట వెనుక చాలాసార్లు ఆ కంపెనీ సంతకం తప్ప ఏమీ ఉండదు. ఈ తేడా తెలియక చాలామంది దెబ్బతింటున్నారు.

డబ్బు కట్టే ముందు ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే ఏమేం చూసుకోవచ్చో, తేడా వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఇక్కడ చూడండి.

షాపులకు, ఆఫీసులకు రెరా వర్తిస్తుందా?

వర్తిస్తుంది. రెరా అంటే ఫ్లాట్లు, విల్లాలకే అని చాలామంది అనుకుంటారు. రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. ఇందులో ‘అపార్ట్‌మెంట్’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఆఫీసు, షాపు, షోరూం, గోడౌన్ కూడా ఉన్నాయి. కాబట్టి మాల్‌లో షాపు కొన్నా, ఐటీ టవర్‌లో ఆఫీసు స్పేస్ కొన్నా ఫ్లాట్ కొన్నవారికి ఉన్న హక్కులే మీకూ ఉంటాయి.

మినహాయింపులు ఉన్నాయి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మొత్తం యూనిట్లు ఎనిమిది దాటకపోయినా అంతే. రోడ్డు పక్కన నాలుగు మడిగెలు కట్టి అమ్మేవారు సాధారణంగా ఈ మినహాయింపులోకి వస్తారు. ఒకరు కొనుక్కున్న షాపును మళ్లీ మీకు అమ్మితే, అంటే రీసేల్ అయితే, దానికి కొత్తగా రెరా రిజిస్ట్రేషన్ ఉండదు. అలాంటివి కొనేటప్పుడు పత్రాలు చూసుకునే భారం పూర్తిగా మీదే.

ప్రకటనలో ఏముండాలి?

రెరాలో రిజిస్టర్ చేయకుండా ప్రాజెక్టును అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా తప్పే. చట్టంలోని సెక్షన్ 3 ప్రకారం బుకింగ్ తీసుకోవడం, కొనమని ఆహ్వానించడం సైతం కుదరదు. ప్రకటన ఏ రూపంలో ఉన్నా ఇదే నియమం. పేపర్ యాడ్, కరపత్రం, హోర్డింగ్‌తో పాటు వాట్సాప్‌లో తిప్పే బ్రోచర్, సోషల్ మీడియా వీడియో కూడా ప్రకటన కిందకే వస్తాయి.

రిజిస్టరైన ప్రాజెక్టు ప్రకటనలో రెండు విషయాలు స్పష్టంగా కనిపించాలి. ఒకటి రెరా రిజిస్ట్రేషన్ నంబరు. రెండోది రెరా అథారిటీ వెబ్‌సైట్ చిరునామా. ఈ రెండూ లేని ప్రకటన చూస్తే అక్కడే ఆగిపోండి.

నంబరు బదులుగా కొన్ని మాటలు రాస్తుంటారు. వాటి అర్థం తెలుసుకోండి.

• ‘రెరా అప్లైడ్’ అంటే దరఖాస్తు చేశారని మాత్రమే. రిజిస్ట్రేషన్ వచ్చినట్టు కాదు. ఆ దశలో ప్రకటన ఇచ్చే హక్కు వారికి లేదు.

• ‘హెచ్ఎండీఏ అప్రూవ్డ్’, ‘డీటీసీపీ అప్రూవ్డ్’ అంటే ప్లాన్‌కు అనుమతి వచ్చిందని చెప్పడం. అది రెరా నంబరుకు బదులు కాదు. రెండూ ఉండాలి.

• తెలంగాణలో ప్రాజెక్టు నంబరు ‘పీ’ అక్షరంతో, ఏజెంటు నంబరు ‘ఏ’ అక్షరంతో మొదలవుతుంది. ఏజెంటు తన నంబరు చూపించి ‘రెరా ఉంది సార్’ అంటే, ప్రాజెక్టు నంబరు ఏదని అడగండి.

రిజిస్టర్ చేయకుండా అమ్మకాలు జరిపితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు జరిమానా పడుతుంది. ఆ తర్వాతా ఉల్లంఘన ఆపకపోతే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే వీలుంది. ఇది కాగితానికే పరిమితమైన నిబంధన కాదు. 2023లో తెలంగాణ రెరా నిబంధనలు పాటించని సంస్థలకు కోట్ల రూపాయల్లో జరిమానాలు విధించింది.

సినిమా తారలు, యాంకర్లు ప్రకటనలో కనిపించారని నమ్మకం పెంచుకోకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించినవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రూ.10 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా వెళ్తుంది. అయితే ఆ జరిమానా మీ జేబులోకి రాదు.

నంబరు ఉంది. సరిపోతుందా?

సరిపోదు. ఆ నంబరును వెబ్‌సైట్‌లో కొట్టి చూడాలి. తెలంగాణ ప్రాజెక్టులకు రెరా డాట్ తెలంగాణ డాట్ జీవోవీ డాట్ ఇన్, ఆంధ్రప్రదేశ్ ప్రాజెక్టులకు రెరా డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్. నంబరుతో గానీ, ప్రాజెక్టు పేరుతో గానీ వెతకవచ్చు. ఇందుకు ఫీజు లేదు. పేజీ తెరుచుకున్నాక ఈ ఐదూ చూడండి.

1. ప్రమోటర్ పేరు. మీకు రసీదు ఇస్తున్న కంపెనీ పేరు, అక్కడున్న పేరు ఒకటేనా? గ్రూపు పేరు ఒకటే అయినా లోపల కంపెనీలు వేరుగా ఉండొచ్చు. ‘మార్కెటింగ్ పార్టనర్’ పేరుతో రసీదు ఇస్తుంటే తీసుకోకండి.

2. ఏ భాగానికి రిజిస్ట్రేషన్. పెద్ద ప్రాజెక్టుల్లో టవర్‌కో నంబరు, దశకో నంబరు ఉంటుంది. ఫ్లాట్ల టవర్లకు ఉన్న నంబరునే ముందు కట్టబోయే కమర్షియల్ బ్లాక్ ప్రకటనలో వాడొచ్చు. మీరు కొనే యూనిట్ ఆ నంబరు కింద ఉందో లేదో చూడండి.

3. ఆమోదం పొందిన ప్లాన్. బ్రోచర్‌లో ఫుడ్ కోర్టు, మల్టీప్లెక్స్ ఉన్న అంతస్తు ప్లాన్‌లో ఏమని ఉంది? పార్కింగ్ అని ఉంటే అక్కడ షాపు కొనడమంటే గొడవ కొనుక్కోవడమే.

4. పూర్తి చేయాల్సిన తేదీ. సేల్స్ వాళ్లు చెప్పిన తేదీ కంటే రెరాకు ఇచ్చిన గడువు ఏడాదో, రెండేళ్లో తర్వాత ఉండొచ్చు. బిల్డర్ లెక్కలో అసలు గడువు అదే.

5. కార్పెట్ ఏరియా. ప్రకటనలో 250 చదరపు అడుగులు అన్నది సాధారణంగా సూపర్ బిల్టప్. కారిడార్లు, లిఫ్టులు, మెట్లు అన్నీ అందులో కలుస్తాయి. గోడల మధ్య మీరు నిజంగా వాడుకోగలిగే స్థలం ఎంతో కార్పెట్ ఏరియా చెబుతుంది.

దీంతోపాటు భూమి ఈసీని రిజిస్ట్రేషన్ శాఖ పోర్టల్‌లో తీసి చూడండి. తనఖాలు, పాత అమ్మకాలు అందులో తెలుస్తాయి. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడండి. లింక్ డాక్యుమెంట్లు మాత్రం ఒక లాయరుకు చూపించడం మంచిది. లక్షలు పెట్టేటప్పుడు ఆ ఫీజు దగ్గర వెనకాడకండి.

‘మొత్తం ఇప్పుడే కడితే సగం ధర’

ఈ మాట వినగానే గుర్తుకు రావాల్సింది 10 శాతం. రెరా సెక్షన్ 13 ప్రకారం సేల్ అగ్రిమెంట్ రాసి, దాన్ని రిజిస్టర్ చేయించకుండా బిల్డర్ యూనిట్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. రూ.25 లక్షల యూనిట్ అయితే రూ.2.5 లక్షలు. టోకెన్ అన్నా, బయానా అన్నా, బుకింగ్ అన్నా అన్నీ కలిపి అంతే.

‘వన్ టైమ్ పేమెంట్’ ఆఫర్లలో సాధారణంగా జరిగేది దీనికి తిరకాసు. ప్లాన్‌కు అనుమతి రాకముందే, రెరా నంబరు లేకుండానే మొత్తం డబ్బు తీసుకుంటారు. దీన్నే ప్రీలాంచ్ అంటున్నారు. ధర తక్కువగా కనిపిస్తుంది. కానీ ఆ డబ్బుతో మొదట కొనేది భూమి. అనుమతులు రాకపోయినా, భూమి వివాదంలో పడినా నష్టం మీకే. హైదరాబాద్ శివార్లలో ప్రీలాంచ్, బైబ్యాక్ పేర్లతో డబ్బు కట్టినవారు పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న ఉదంతాలు ఇటీవలి ఏళ్లలో వరసగా బయటికొచ్చాయి.

రిజిస్టరైన ప్రాజెక్టులో అయితే కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతాన్ని ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచాలి. దాన్ని ఆ ప్రాజెక్టు భూమి, నిర్మాణ ఖర్చులకే వాడాలి. ఇంజినీర్, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాకే, పని జరిగిన మేరకు తీయాలి. అందుకే డబ్బు ఏ ఖాతాలో వేయమంటున్నారో అడగండి. ప్రాజెక్టు ఖాతాలో కాకుండా నగదుగానో, మరో కంపెనీ ఖాతాలోనో వేయమంటే ఈ రక్షణ మీకు అందదు.

యూడీఎస్ అనే మాట కూడా వింటుంటారు. అంటే విభజించని భూమి వాటా. ‘మీ పేరు మీద 20 గజాలు రిజిస్ట్రేషన్ చేస్తున్నాం, ఇంకేం భయం?’ అంటారు. రిజిస్ట్రేషన్ నిజమే కావొచ్చు. కానీ ఆ 20 గజాలు ఎక్కడున్నాయో చూపించలేరు. బిల్డింగ్ లేవకపోతే వందల మందితో కలిసి ఒక ఖాళీ స్థలానికి మీరూ ఉమ్మడి యజమాని అవుతారు. విడిగా అమ్ముకోవడం కష్టం, కట్టుకోవడం అసలు కుదరదు.

గ్యారెంటీ అద్దె ఎవరి డబ్బు?

ఇంకా పునాది కూడా లేవని బిల్డింగ్‌కు అద్దె ఎవరు కడతారు? అద్దెకు దిగినవారు లేరు. కాబట్టి ఆ డబ్బు బిల్డర్ దగ్గర నుంచే రావాలి. బిల్డర్‌కు అది ఎక్కడి నుంచి వస్తోంది? చాలాసార్లు మీరు కట్టిన ధరలోంచే. లేదంటే మీ తర్వాత చేరినవారి డబ్బులోంచి.

ఒక లెక్క వేద్దాం. ఇవి కేవలం ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు. 250 చదరపు అడుగులు, అడుగుకు రూ.10 వేలు, మొత్తం రూ.25 లక్షలు. మూడేళ్లపాటు నెలకు రూ.25 వేలు ఇస్తారు. మొత్తం రూ.9 లక్షలు. బాగానే ఉంది.

ఇప్పుడు అదే వీధిలో అద్దె గ్యారెంటీ లేని ఇంకో ప్రాజెక్టులో ధర అడగండి. అక్కడ అడుగు రూ.7 వేలే అనుకోండి. అంటే ఇదే స్థలం రూ.17.5 లక్షలకు వచ్చేది. మీరు రూ.7.5 లక్షలు ఎక్కువ కట్టారు. నెలనెలా వచ్చిన రూ.9 లక్షల్లో రూ.7.5 లక్షలు మీవే తిరిగొచ్చాయి. మిగిలింది రూ.1.5 లక్షలు. మూడేళ్లకు అంతే. ఏడాదికి 2 శాతం.

బిల్డింగ్ పూర్తయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. అక్కడ మార్కెట్ అద్దె అడుగుకు రూ.60 అనుకుంటే నెలకు రూ.15 వేలు వస్తుంది. ఏడాదిలో రెండు నెలలు ఖాళీగా ఉంటే రూ.1.5 లక్షలు. ఖాళీ నెలల మెయింటెనెన్స్, ఆస్తిపన్ను కలిపి రూ.15 వేలు తీసేయండి. మిగిలేది రూ.1.35 లక్షలు.

మరి మీ పెట్టుబడి ఎంత? రూ.25 లక్షలే కాదు. నిర్మాణంలో ఉన్న కమర్షియల్ యూనిట్‌పై భూమి విలువ మినహాయించాక జీఎస్టీ 12 శాతం పడుతుంది. అంటే రూ.3 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం. అంటే దాదాపు రూ.1.88 లక్షలు. మొత్తం దాదాపు రూ.29.88 లక్షలు. దానిపై రూ.1.35 లక్షలంటే 4.5 శాతం. ప్రకటనలో చూసిన 12 శాతం ఇలా 4.5కి దిగింది.

ఈ లెక్కలో అంకెలు మారొచ్చు. ఎక్కువగా నివాస యూనిట్లు ఉండి, షాపుల వాటా 15 శాతం దాటని ప్రాజెక్టులో జీఎస్టీ 5 శాతమే. ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. మంచి సెంటర్ అయితే అద్దె ఎక్కువ రావచ్చు. మీరు చేయాల్సింది ఒకటే. బిల్డర్ చెప్పిన అద్దె పక్కన పెట్టి, ఆ వీధిలో ఇప్పుడు షట్టర్ అద్దెకు తీసుకున్న నలుగురిని అడిగి మీ లెక్క మీరు వేసుకోండి. ‘టు లెట్’ బోర్డులు ఎన్ని వేలాడుతున్నాయో కూడా చూడండి.

గీత గీయని స్థలం

‘రూ.5 లక్షలకే మాల్‌లో స్పేస్’ అనే ప్రకటనల్లో తరచూ అమ్మేది గోడలు, షట్టర్ ఉన్న షాపును కాదు. పెద్ద హాలులో 50 అడుగులో, 100 అడుగులో మీ వాటా అంటారు. అది ఏ మూలన ఉందో గీత గీసి చూపించరు. మొత్తం హాలును ఒకే సంస్థకు లీజుకిచ్చి, అద్దెను పంచుతామంటారు.

లీజు నడిచినంతకాలం ఇబ్బంది తెలియదు. ఆ సంస్థ ఖాళీ చేసిన రోజున మీ 100 అడుగులకు మీరు తాళం వేసుకోలేరు, వేరేవారికి అద్దెకూ ఇవ్వలేరు. అమ్మాలన్నా బ్యాంకు లోన్ ఇవ్వదు గనక కొనేవారు దొరకరు. అందుకే ‘నా యూనిట్‌కు నంబరు ఉందా? ప్లాన్‌లో దాని హద్దులున్నాయా? నేనొక్కడినే తాళం వేసుకోగలనా?’ అని అడగండి. మూడింటికీ అవును అన్న జవాబు రాకపోతే మీరు కొంటున్నది షాపు కాదు, ఒక అద్దె పథకంలో వాటా.

ఇప్పటికే అద్దెకున్న ఆస్తి అయితే?

‘ప్రీలీజ్డ్ ప్రాపర్టీ, బ్యాంకు టెనెంట్, నెలకు ఇంత అద్దె’ అన్న ప్రకటనలు వేరే రకం. ఇక్కడ బిల్డింగ్ కళ్లముందే ఉంటుంది, అద్దె వస్తుంటుంది. కాబట్టి చూడాల్సింది లీజు పత్రం.

• ఏడాది దాటిన లీజు రిజిస్టరై ఉండాలి. రిజిస్టర్ కాని కాగితాన్ని నమ్ముకోకండి.

• లాక్ ఇన్ ఎంతకాలం మిగిలింది? తొమ్మిదేళ్ల లీజు అంటారు. కానీ అద్దెదారు ఖాళీ చేయకూడని కాలం మూడేళ్లే ఉండొచ్చు. అందులో రెండున్నరేళ్లు అయిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడే యజమానులు అమ్మకానికి పెడుతుంటారు.

• అద్దె ఎన్నేళ్లకు ఎంత పెరుగుతుంది? అద్దెదారు ఇచ్చిన డిపాజిట్‌ను అమ్మేవారు మీకు బదిలీ చేస్తున్నారా?

• ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. చెప్పిన అద్దె నిజంగా ఖాతాలో పడుతోందో లేదో అందులో తెలుస్తుంది.

• ఓసీ, ఫైర్ ఎన్‌వోసీ ఉన్నాయా? ఇళ్లకు అనుమతి తీసుకున్న బిల్డింగ్‌లో షాపులు నడుస్తున్నాయా? సీజ్ చేస్తే అద్దె ఆ రోజే ఆగిపోతుంది.

ఆస్తి విలువ రూ.50 లక్షలు లేదా అంతకు మించితే, అమ్మేవారు ఇక్కడి నివాసి అయినప్పుడు, మీరు 1 శాతం టీడీఎస్ మినహాయించి కట్టాలి. అద్దెపై జీఎస్టీ 18 శాతం. అది ఎవరు కట్టాలో లీజులో రాసి ఉండాలి.

అద్దె ఆగిపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఇక్కడే చాలామందికి చేదు అనుభవం ఎదురవుతుంది. ఫ్లాట్ కొన్నవారికి తెరిచి ఉండే కొన్ని తలుపులు పెట్టుబడి కోసం కమర్షియల్ స్పేస్ కొన్నవారికి మూసుకుపోవచ్చు.

వినియోగదారుల కమిషన్: వాణిజ్య అవసరం కోసం కొన్నవారు 2019 చట్టం ప్రకారం వినియోగదారు కారు. సొంత జీవనోపాధికి, స్వయంగా నడుపుకోవడానికి షాపు కొంటే మినహాయింపు ఉంది. అద్దెల కోసమే కొంటే ‘ఇది వాణిజ్యం’ అని బిల్డర్ అభ్యంతరం చెప్పడానికి వీలుంటుంది.

దివాలా చట్టం: 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఫ్లాట్లకు సంబంధించిన కేసు అది. ఆస్తి స్వాధీనం చేసుకునే ఉద్దేశం లేకుండా, బైబ్యాక్, హామీ రాబడుల కోసం డబ్బు పెట్టినవారిని లాభాపేక్షతో వచ్చిన ఇన్వెస్టర్లుగానే చూడాలని, వారు దివాలా ప్రక్రియను మొదలుపెట్టలేరని చెప్పింది. అంటే మీ అగ్రిమెంట్‌లో స్వాధీనం గురించి ఏమీ లేకుండా రాబడి గురించే ఉంటే అదే మీకు అడ్డంకి కావచ్చు.

రెరా: ఇది మీకు తెరిచే ఉంటుంది. రెరాలో ‘అలాటీ’ అంటే యూనిట్ కేటాయింపు పొందినవారు. అద్దెకివ్వడానికి కొన్నారా, సొంతానికి కొన్నారా అన్న తేడా లేదు. గడువులోగా అప్పగించకపోతే సెక్షన్ 18 కింద రెండు దారులున్నాయి. ప్రాజెక్టు వద్దనుకుంటే కట్టినదంతా వడ్డీతో వెనక్కి అడగవచ్చు. కావాలనుకుంటే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఈ వడ్డీ ఎస్‌బీఐ అత్యధిక ఎంసీఎల్ఆర్‌కు 2 శాతం కలిపినంత.

ప్రకటనలో అబద్ధం ఉండి, దాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే సెక్షన్ 12 ప్రకారం పరిహారం అడగవచ్చు. ప్రాజెక్టు నుంచి తప్పుకోవాలనుకుంటే మొత్తం డబ్బు వడ్డీతో సహా తిరిగి ఇవ్వాల్సిందే. అయితే ప్రకటనలో ఏం చెప్పారో మీరు చూపించగలగాలి.

అద్దె హామీ సంగతికొస్తే అది ఎక్కడ రాసి ఉందన్నది ముఖ్యం. రిజిస్టరైన సేల్ అగ్రిమెంట్‌లోనే ఎంత, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, ఆగితే ఏమిటి అన్నది ఉంటే మీ వాదన బలంగా ఉంటుంది. విడిగా తెల్లకాగితం మీదో, వంద రూపాయల స్టాంపు పేపర్ మీదో ఎంవోయూ రాసిస్తే దాని కోసం సివిల్ కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు.

మోసమని తేలితే పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. డిపాజిటర్ల రక్షణ కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన చట్టాన్ని తెలంగాణలో ప్రీలాంచ్ మోసాల కేసుల్లోనూ ప్రయోగించారు. దాని కింద నిందితుల ఆస్తులు జప్తు చేసే వీలుంది.

రెరాలో ఫిర్యాదు ఎలా?

రెరా వెబ్‌సైట్‌లోనే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు వాపసు, ఆలస్యానికి వడ్డీ కావాలంటే అథారిటీకి చేయాలి. నష్టపరిహారం కావాలంటే అడ్జుడికేటింగ్ అధికారికి చేయాలి. తెలంగాణలో మొదటిదానికి ఫాం ఎం, రెండోదానికి ఫాం ఎన్. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. రిజిస్టర్ కాని ప్రాజెక్టు మీదా ఫిర్యాదు చేయవచ్చు.

అగ్రిమెంట్, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ప్రకటన కాపీ, సేల్స్ వాళ్లతో జరిగిన వాట్సాప్ సంభాషణ జత చేయండి. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

ఒక్క మాట. ఆర్డర్ వచ్చిన మర్నాడే డబ్బు రాదు. బిల్డర్ కట్టకపోతే రెవెన్యూ బకాయిల మాదిరిగా వసూలు చేయాలి. దానికి సమయం పడుతుంది. కంపెనీ దగ్గర ఆస్తులే లేకపోతే ఇంకా కష్టం. ఫిర్యాదు కంటే ముందుజాగ్రత్త మేలని చెప్పేది ఇందుకే.

విదేశాల్లో ఉన్నవారు

ఎన్నారైలు ఇక్కడ కమర్షియల్ ఆస్తి కొనవచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు మాత్రం కొనకూడదు. డబ్బు బ్యాంకు ద్వారా, ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా నుంచి రావాలి. డల్లాస్‌లోనో, లండన్‌లోనో హోటల్‌లో పెట్టే ప్రాపర్టీ షోలో బుక్ చేసినా ఇక్కడి రెరా నిబంధనలే వర్తిస్తాయి. జీపీఏ ఇచ్చేటప్పుడు ఏ ఆస్తికి, ఏ పనికి అన్నది పరిమితం చేసి రాయండి.

చిన్న మొత్తంతో అద్దె ఆదాయం కావాలంటే

మీకు కావాల్సింది షాపు కాదు, అద్దెలో వాటా అనుకుంటే దానికి సెబీ పర్యవేక్షణలో ఉన్న దారి రీట్. ఇవి షేర్ల మాదిరిగా స్టాక్ ఎక్స్ఛేంజీలో దొరుకుతాయి. ఒక్క యూనిట్ అయినా కొనవచ్చు. ఆస్తుల్లో కనీసం 80 శాతం పూర్తయి అద్దె వస్తున్నవై ఉండాలి. పంచదగిన నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు పంచాలి. మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్, కూకట్‌పల్లిలోని నెక్సస్ మాల్ ఇలాంటి రీట్‌ల చేతుల్లోనే ఉన్నాయి.

ఒక బిల్డింగ్‌ను ముక్కలుగా పంచే యాప్‌లు, సంస్థల కోసం సెబీ 2024లో ఎస్ఎం రీట్ నిబంధనలు తెచ్చింది. ఇందులో కనీస పెట్టుబడి రూ.10 లక్షలు. ఆస్తి విలువ రూ.50 కోట్ల నుంచి రూ.500 కోట్ల మధ్య ఉండాలి. ‘ఫ్రాక్షనల్ ఓనర్‌షిప్’ అని ఎవరైనా వస్తే సెబీ రిజిస్ట్రేషన్ అడగండి.

రీట్‌లలోనూ రాబడికి గ్యారెంటీ లేదు. యూనిట్ ధర పెరుగుతుంది, తగ్గుతుంది. కానీ లెక్కలు బయటపెట్టాలి, కావాలనుకున్నప్పుడు అమ్ముకోవచ్చు.

సంతకం పెట్టే ముందు

• ప్రకటనలో రెరా ప్రాజెక్టు నంబరు ఉందా? అది వెబ్‌సైట్‌లో ఇదే బ్లాకుకు, ఇదే కంపెనీకి కనిపిస్తోందా?

• రిజిస్టర్డ్ అగ్రిమెంట్‌కు ముందు 10 శాతం కంటే ఎక్కువ అడుగుతున్నారా?

• యూనిట్‌కు నంబరు, హద్దులు, తాళం ఉన్నాయా?

• అద్దె హామీ సేల్ అగ్రిమెంట్‌లో ఉందా, విడి కాగితం మీదా?

• అద్దె గ్యారెంటీ లేని పక్క ప్రాజెక్టులో అడుగు ధర ఎంత?

వీటికి జవాబులు తెలుసుకోవడానికి ఒక రోజు చాలు. ‘ఆఫర్ ఈ ఆదివారంతో ముగుస్తుంది’ అని తొందరపెడితే ఆదివారం పోనివ్వండి.

ఇవన్నీ చూసుకుని కొంటున్నా, ఆ ప్రకటనను మాత్రం పారేయకండి. హోర్డింగ్ ఫొటో తీసుకోండి. వీడియో తీసేసే అవకాశం ఉంది కాబట్టి స్క్రీన్ రికార్డ్ చేసుకోండి. బ్రోచర్, వాట్సాప్ మెసేజీలు తేదీతో సహా దాచుకోండి. రేపు మాట తప్పితే, నాడు వారు ఏం చెప్పారో రెరా ముందు చూపించడానికి మీకు అదే సాక్ష్యం.